జాజు గోడ నుంచి జిప్సం దాకా: మన ఇంటి గదుల కథ

పోయిన సెలవు రోజున ఒక క్యాంపులో మిత్రుల గదికి పోయాను. ఎనిమిది మంది ఉండే గది. ఆర్మూరు దిక్కు నుంచి వచ్చిన ఒక అన్న ఫోన్ పట్టుకుని ఒక్కొక్క బంకు దగ్గరికీ వచ్చి చూపిస్తున్నాడు. ఊర్లో ఆయన కొత్త ఇల్లు కడుతున్నాడు. స్లాబు పడింది, ప్లాస్టరింగు అయింది, లప్పం పెట్టారు. హాలుకు ఏ రంగు వేయాలో చెప్పమని వాళ్ళ ఇంటామె నాలుగు రంగుల ఫోటోలు పంపింది.

ఇక చూడండి, గదంతా ఒకటే పంచాయితీ. "లేత పచ్చ వెయ్యమనే, కండ్లకు సల్లగుంటది" అని ఒకరు. "పచ్చ ఏందిరా, దవాఖాన లెక్క కొడ్తది" అని ఇంకొకరు. పై బంకు మీద పడుకున్న మెట్‌పల్లి తమ్ముడు పెయింటరు. విల్లాలకు రంగులేసి వేసి చేయి తిరిగినవాడు. అందరూ అరిచాక మెల్లగా అడిగాడు: "అన్నా, ఆ గోడకు పడమటి ఎండ కొడ్తదా?" అన్న జవాబు చెప్పలేకపోయాడు. ఆ గోడ లేచినప్పుడు ఆయన ఇక్కడే ఉన్నాడు. ఆ హాల్లో ఆయన ఇంతవరకు ఒక్కసారి కూడా కూర్చోలేదు.

రూముకు తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఇదే ఆలోచన. ఇంటి గది, గోడ రంగు, గోడకు ఏ బొమ్మ పెట్టాలన్న సంగతి ఆడవాళ్ళ పత్రికల్లో చదివే ముచ్చట అనుకుంటాం. కానీ మనలో సగం మంది ఏండ్లకేండ్లు ఇక్కడ ఉండిపోయేది ఆ గోడల కోసమే. అందుకే ఈ వారం రాజ్యాలు, యుద్ధాలు పక్కన పెట్టి, మన గోడల చరిత్ర చెప్పుకుందాం.

రాణులకు పరదేశం చూపించిన గోడలు

ముందు పెద్దింటి గోడలు చూద్దాం. రాసి పెట్టుకున్నది వాళ్ళే కాబట్టి పాత ఆనవాళ్ళు వాళ్ళవే దొరుకుతాయి. కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1127 నుంచి 1138 వరకు ఏలాడు. మన తెలంగాణలో చాలా భాగం అప్పుడు ఆ రాజ్యం కిందనే ఉండేది. ఆయన పేరు మీద 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథం ఉంది. రాజుకు తెలియవలసిన సకల సంగతులూ అందులో ఉన్నాయి. గోడకు బొమ్మ వేయాలంటే గోడను ఎట్లా నున్నగా చేయాలి, దున్నపోతు తోలు ఉడికించి జిగురు ఎట్లా తీయాలి, రంగులు ఎట్లా కలపాలి, ఇవన్నీ చెప్పాడు. మన మెట్‌పల్లి తమ్ముడు చదివితే ఇది లప్పం పనే కదా అంటాడు. బొమ్మల రకాలు చెబుతూ పొడితో వేసే బొమ్మను 'ధూళిచిత్రం' అని వేరే పేరు పెట్టి లెక్కలోకి తీసుకున్నాడు. అంటే మన అవ్వలు పొద్దున లేచి వాకిట్లో వేసే ముగ్గుకు దాదాపు 900 ఏండ్ల కిందటే రాజుగారి పుస్తకంలో చోటు దొరికిందన్న మాట.

తరువాత ఓరుగల్లు. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న 'క్రీడాభిరామం'లో ఇద్దరు స్నేహితులు కాకతీయుల ఓరుగల్లులో ఒక రోజంతా తిరుగుతారు. ఆ తిరుగుడులో మాచల్దేవి అనే వేశ్య ఇంటి చిత్రశాల ముచ్చట వస్తుంది. గోడల మీద పురాణ కథల బొమ్మలు వేయించి, ఆ చిత్రశాలకు గృహప్రవేశంలాంటి వేడుక చేసుకుంటుంది. సురవరం ప్రతాపరెడ్డి గారు తన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ఇట్లాంటి సంగతులు ఏరి పెట్టకపోతే మనలాంటి వాళ్ళకు ఇవి చేరేవి కావు. రాజుల వంశావళి కంటే మామూలు జనం తిన్నదీ, కట్టుకున్నదీ, ఉన్న ఇల్లూ ముఖ్యమని నమ్మిన మనిషి ఆయన.

నాకు అన్నిటికంటే బాగా నచ్చినది మాత్రం విజయనగరం ముచ్చట. కృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో, డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు అక్కడికి వచ్చాడు. రాజుగారి నగరులో చూసినవి రాసి పెట్టాడు. కింది నుంచి పై దాకా ఏనుగు దంతంతోనే చేసిన గది ఒకటి, దాని స్తంభాల మీద గులాబీలు, తామరలు చెక్కి ఉన్నాయట. అంతకంటే వింత, ఒక చోట గోడల మీద రకరకాల దేశాల మనుషులు ఎట్లా బతుకుతారో బొమ్మలు వేసి ఉన్నాయి. పోర్చుగీసు వాళ్ళ దాకా, చివరికి గుడ్డివాళ్ళు, బిచ్చగాళ్ళ దాకా అందరూ ఉన్నారు. ఎందుకు వేయించారంటే, బయటికి రాని రాణులు ఎవరి దేశంలో ఎవరు ఎట్లా ఉంటారో తెలుసుకోవడానికట.

ఇది చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది, తరువాత ఇంకేదో అయింది. పరదేశం ఎట్లా ఉంటుందో ఇంట్లో ఆడవాళ్ళకు గోడ మీది బొమ్మ చెప్పాలి. మనం చేస్తున్నదీ అదే కదా. పెద్ద భవనం ముందు నిలబడి, అడిగి తెచ్చుకున్న నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఫోటో దిగి పంపుతాం. అది ఫ్రేము కట్టి గోడకు తగిలిస్తారు. పేస్ చూసిన గోడ మీద బిచ్చగాళ్ళు కూడా ఉన్నారు. మన ఫోటోల్లో మాత్రం క్యాంపు కనబడదు.

గూట్లో దీపం

ఇక మామూలు ఇల్లు. కోస్తాలో కలిగినవాళ్ళకు మండువా లోగిలి, తెలంగాణలో భవంతి ఇల్లు, నడుమ ఆకాశం కనబడే వాకిలి. లేనివాళ్ళకు మట్టిగోడలు, గూనపెంకో, గడ్డి కప్పో. ఆ ఇండ్లలో సామాను తక్కువ. బీరువా లేదు, కుర్చీ లేదు. గోడే అన్నీ. గోడలోనే గూడు, అందులో దీపం. "గూట్లో దీపం, నోట్లో ముద్ద" అని సామెత ఊరికే రాలేదు. గోడకు కొట్టిన చిలుకకొయ్యకు అంగీ తగిలిస్తారు. దూలం నుంచి ఉట్టి, ఉట్టిలో పెరుగు ముంత. ఒక మూల నుంచి ఇంకో మూలకు దండెం. అలంకారం వేరే, వాడకం వేరే అన్న తేడా అప్పుడు లేదు. బట్ట తగిలించే కొయ్యకే చిలుక ముక్కు చెక్కారు.

మా నాయినమ్మ పండుగ ముందు గోడకు చేసే సేవ నాకు ఇంకా కళ్ళకు కడుతుంది. ముందు పుట్టమన్ను, పేడ కలిపి అలుకుతుంది. అది ఆరాక పైన సున్నం, కింద మోకాలి ఎత్తు వరకు జాజు. ఆ రెండూ కలిసే చోట సుద్దతో చుక్కలు, గీతలు. సున్నంలో కొంచెం నీలిమందు వేయకపోతే గోడ పచ్చబడుతుందని ఆమె పట్టింపు. కడపకు పసుపు పూసి బొట్లు పెడుతుంది. దర్వాజకు మామిడి తోరణం. ఖర్చు ఏమైంది అని లెక్క వేస్తే సున్నం, నీలిమందు, జాజు. మిగతాదంతా రెండు చేతులు, నడుము నొప్పి.

శ్రీకాకుళం ఏజెన్సీలో సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేస్తారు. మనుషులు, జంతువులు, చెట్లు, చచ్చిపోయిన పెద్దలు. అది అందానికి వేసేది కాదు, పెద్దలను శాంతింపజేయడానికి పూజారి చేతి మీదుగా వేసేది. మన జాజు గీతల్లో కూడా అట్లాంటి పాత నమ్మకం ఏదో ఉండే ఉంటుంది. మనం మరిచిపోయి అందమని చెప్పుకుంటున్నాం.

ఒకటి మాత్రం చెప్పాలి. పాత గోడలను తలుచుకుని మురిసిపోయే వాళ్ళలో అలికినవాళ్ళు తక్కువ, చూసినవాళ్ళు ఎక్కువ. ఏటా వానకు కరిగిపోయే గోడను ఏటా నిలబెట్టింది ఆడవాళ్ళు. సిమెంటు వచ్చినప్పుడు మా నాయినమ్మ ఏడవలేదు, "బతికిన" అంది.

దేవుడు ఇంట్లోకి వచ్చిన రోజు

మట్టిగోడ మీద కాగితం బొమ్మ ఎప్పుడు వచ్చింది? ఇది 130 ఏండ్ల ముచ్చట.

అంతకు ముందు దేవుడి బొమ్మ ఇంట్లో పెట్టుకోవాలంటే చేయి తిరిగిన చిత్రకారుడు కావాలి, వాడికి ఇచ్చే పైసలు కావాలి. నిర్మల్‌లో నకాషీ వాళ్ళు పొనికి చెక్క మీద వేసేవారు. చేర్యాలలో బట్ట మీద వేసేవారు, అది ఎక్కువగా కులకథలు చెప్పేవాళ్ళ కోసం. తంజావూరులో బంగారు రేకు అద్ది వేసేవారు, ఆ పని చేసిన రాజు కులస్తుల్లో చాలా మంది తెలుగువాళ్ళే. ఇవన్నీ ఉన్నవాళ్ళ ఇండ్లకే.

తిరువాన్కూరు దేశంలో కిలిమానూరులో 1848లో పుట్టిన రవివర్మ నూనె రంగుల చిత్రాలు వేసి పేరు తెచ్చుకున్నాడు. ఒక్కొక్క చిత్రం ఒక్కొక్క సంస్థానానికి పోయేది. మీ బొమ్మలు అందరూ అడుగుతున్నారు, అచ్చు వేయించండి అని ఆయనకు సలహా ఇచ్చినది దివాన్ టి. మాధవరావు. చివరికి 1894లో బొంబాయిలో రవివర్మ సొంత అచ్చుయంత్రం పెట్టాడు. జర్మనీ నుంచి యంత్రాలు, పనివాళ్ళు వచ్చారు. లక్ష్మి, సరస్వతి, శకుంతల, రంగురంగుల కాగితాలుగా బయటికి వచ్చారు. వ్యాపారంలో మాత్రం ఆయన నష్టపోయాడు. అచ్చుశాల లోనావాలా దగ్గర మళవలికి మారింది, తరువాత ష్లైషర్ అనే జర్మన్ పనివాడే దాన్ని కొనుక్కున్నాడు. 1972లో అక్కడ అగ్గి అంటుకుని చాలా రాళ్ళు, బొమ్మలు కాలిపోయాయి. ఈ రోజుకీ మనం కళ్ళు మూసుకుని లక్ష్మీదేవిని తలుచుకుంటే కనబడే రూపం, తామరపువ్వు మీద నిలబడి చీర కట్టుకున్న ఆ రూపం, చాలావరకు ఆ అచ్చుశాలలో తయారైనదే.

అచ్చు బొమ్మ వల్ల జరిగిన పెద్ద పని గురించి ఎక్కువ మంది మాట్లాడరు. గుడి గడప తొక్కనివ్వని కులాల ఇండ్లలోకి దేవుడు కాగితం మీద కూర్చుని నడిచి వచ్చాడు. పూజారి లేడు, మడి లేదు, దూరం నిలబడు అనేవాడు లేడు. గోడకు మేకు కొట్టి తగిలించుకుంటే చాలు. చట్టాలు తరువాత వచ్చాయి, కొన్ని వేల గోడల మీద ఆ పని ముందే మొదలైంది.

తరువాత వంతు శివకాశిది. 1920లలో కలకత్తా పోయి అగ్గిపెట్టెల పని నేర్చుకుని వచ్చిన ఇద్దరు నాడార్లు ఆ ఎండిపోయిన ఊర్లో కార్ఖానా పెట్టారు. అగ్గిపెట్టెకు లేబుల్ కావాలి, లేబుల్‌కు అచ్చుయంత్రం కావాలి, అచ్చుయంత్రం వచ్చాక అది ఖాళీగా ఉండకూడదు కాబట్టి క్యాలెండర్లు. ఈ బొమ్మలు వేసిన వాళ్ళలో కోవిల్‌పట్టికి చెందిన కొండయ్య రాజు (1898-1976) పేరున్నవాడు. ఆయన, ఆయన శిష్యులు వేసిన దేవుళ్ళే మన కిరాణా కొట్టు క్యాలెండర్ల మీదికి ఎక్కారు. ఉగాదికి ముందో, జనవరి ముందో సేటు దగ్గర ఖాతా ఉన్న ప్రతి ఇంటికీ ఒక క్యాలెండరు ఉచితం. ఏడాది అయిపోయాక తేదీల కాగితం చించి బొమ్మ ఉంచుకునేవాళ్ళం. మా ఇంట్లో ఒకే మేకుకు ఆరు సంవత్సరాల వెంకటేశ్వరస్వామి ఒకరి వెనుక ఒకరు వేలాడుతుండేవారు.

1957లో 'మాయాబజార్' వచ్చాక ఇంకో విచిత్రం జరిగింది. ఎన్టీ రామారావు కృష్ణుడి వేషంలో ఉన్న బొమ్మలు కూడా దేవుడి గూట్లోకి చేరాయి. దండం పెట్టేది ఎవరికో పెట్టేవాళ్ళకే తెలియాలి.

ఫోటో, దండ

దేవుడి తరువాత గోడ ఎక్కింది మనిషి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్‌దయాళ్ (1844-1905) సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో హైదరాబాదులో ఆడవాళ్ళ కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు, దాన్ని ఒక ఇంగ్లీషు దొరసాని నడిపేది. పరదా దాటని బేగంలు అక్కడ ఫోటో దిగేవారు. అప్పటికి అది నవాబుల ముచ్చట.

మన ఊర్లకు ఆ సోకు వచ్చేసరికి దశాబ్దాలు పట్టింది. పట్నంలో స్టూడియో, వెనుక తెర మీద తాజ్‌మహలో, చార్మినారో, తోటో. పక్కన చిన్న బల్ల మీద ప్లాస్టిక్ పూలకుండీ. పెండ్లయిన జంట ఒక ఫోటో, పిల్ల పుట్టాక ఒక ఫోటో. అంతే, జీవితానికి రెండు. అవి నల్ల చెక్క ఫ్రేములో, దర్వాజ మీద కొంచెం ముందుకు వంగి ఉండేవి. అట్లా వంచి కట్టడం ఎందుకో చిన్నప్పుడు అర్థం కాలేదు. కింద నుంచి చూసేవాళ్ళకు అద్దం మెరవకుండా ఉంటుందని తరువాత ఒక ఫ్రేముల షాపాయన చెప్పాడు.

చనిపోయినవాళ్ళ ఫోటోకు గంధపు చెక్క దండ, పైన ఎర్ర జీరో బల్బు. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. మా మండలంలో కొన్ని ఇండ్లలో గోడ మీది దండ వేసిన ఫోటో చూస్తే తెలిసిపోతుంది. ముఖం నేరుగా, నవ్వు లేకుండా, వెనుక తెల్లగా. పాస్‌పోర్టు కోసం దిగిన ఫోటో అది. ఆ మనిషికి వేరే ఫోటో లేదు. దాన్నే పెద్దది చేయించి ఫ్రేము కట్టించారు. ఇంట్లో రంగుల టీవీ ఉంటుంది, బండలు మెరుస్తుంటాయి, ఆ ముఖం మాత్రం ఇమిగ్రేషను కౌంటరు దగ్గర నిలబడినట్టే చూస్తుంటుంది. అందుకే క్యాంపులో ఎవరైనా ఫోటో తీస్తానంటే కొంచెం నవ్వి దిగమని నా మిత్రులకు చెబుతుంటాను. ఎందుకని వాళ్ళు అడగరు, నేను చెప్పను.

రంగం పెట్టె

పరదేశం పైసలతో ఇల్లు అలంకరించుకున్న మొదటివాళ్ళం మనం కాదు. కోస్తా జిల్లాల వాళ్ళకు గల్ఫ్ కంటే ముందు రంగం ఉంది, అంటే రంగూను. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి పోయారు కాబట్టి అక్కడ మనవాళ్ళను కోరంగీలు అనేవారు. ఓడరేవులో మూటలు మోశారు, రిక్షాలు లాగారు, వడ్ల మిల్లుల్లో పనిచేశారు. రంగూనులో వాళ్ళ బస గదులు మన క్యాంపులకు తాతలు. పదుల మంది ఒక్క గదిలో, ఒక్క చాప మీద పగలు ఒకరు, రాత్రి ఒకరు పడుకునేవారు. ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం టేకు పెట్టె తెచ్చేవారు. బర్మా టేకు అంటే ఇప్పటికీ ఆ దిక్కున ఒక గౌరవం. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు కొండలు, అడవులు పట్టి నడిచి వచ్చారు. దారిలో ఎందరో చచ్చిపోయారు. ఆ నడకలో పెట్టె మోసుకొచ్చేది ఎవరు? ఇండ్లలో మిగిలిన పెట్టెలన్నీ అంతకు ముందు వచ్చినవే.

మన వంతు 1973 తరువాత వచ్చింది. చమురు ధర పెరిగింది, గల్ఫ్‌లో కట్టడాలు లేచాయి, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు నుంచి మగవాళ్ళు, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఆడవాళ్ళు కూడా బయలుదేరారు. మొదట తిరిగి వచ్చినవాళ్ళ పెట్టెల్లో ఏం ఉండేవో నా ఈడు వాళ్ళకు కంఠతా వచ్చు. రెండు స్పీకర్ల టేప్ రికార్డరు. పులిబొమ్మ దుప్పటి. గోడకు వేలాడదీసే మఖమలు బట్ట, దాని మీద నెమళ్ళో, జింకలో, నీళ్ళు తాగే గుర్రాలో. ముస్లిం సోదరుల ఇండ్లలో అదే బట్ట మీద కాబా. వాసన లేని, వాడిపోని పూలు.

మా చిన్నాయిన మొదటిసారి వచ్చినప్పుడు మఖమలు బట్ట తెచ్చాడు. మా ఇల్లు మట్టిగోడది. మేకు కొడితే మట్టి రాలింది. రెండోది కొట్టినా అంతే. మూడో మేకుకు పెడ్డ పెడ్డే ఊడి వచ్చింది. మా బాపు చేతిలో సుత్తె అట్లాగే ఉంది. నెమళ్ళ బట్ట మడిచి సందూకులో పెట్టారు. రెండేండ్ల తరువాత సిమెంటు గోడ లేచాకే అది బయటికి వచ్చింది. బొమ్మ తగిలించడానికి గోడ కట్టుకున్న ఇల్లు మాది.

గూడు పెద్దదై అద్దం తొడుక్కుంటే అదే షోకేసు అయింది. లోపల ఎవరూ తాగని కప్పులు, ఎవరూ ఆడుకోని బొమ్మలు, వాడని టీ ఫ్లాస్కు. చిలుకకొయ్య పోయి హ్యాంగరు వచ్చింది. చెక్క సందూకు పోయి అద్దం ఉన్న ఇనుప బీరువా వచ్చింది. ఆ అద్దం అంచున ఇంటామె అంటించిన బొట్టుబిళ్ళలు ఉంటాయి చూడండి, కొత్త సామాను మీద పాత ఇంటి గుర్తు అదొక్కటే మిగిలింది.

రంగుల డబ్బా

సున్నానికి ఎదురు వచ్చింది డబ్బా రంగు. 1942లో బొంబాయిలో మొదలైన ఏషియన్ పెయింట్స్ వాళ్ళకు 1954లో ఆర్.కె. లక్ష్మణ్ గట్టు అనే అల్లరి పిల్లవాడి బొమ్మ గీసిచ్చాడు. చేతిలో బ్రష్షు, నుదుటి మీద జుట్టు. డిస్టెంపరుతో పట్నాల్లో సున్నం పోయింది. పల్లెల్లో అది నెమ్మదిగా పోయింది, సిమెంటు గోడ వచ్చిన ఇంటి నుంచే పోయింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1983 తరువాత కట్టించిన పక్కా ఇండ్లు, 2006లో వచ్చిన ఇందిరమ్మ ఇండ్లు పేదల గోడలను మట్టి నుంచి సిమెంటుకు మార్చాయి. గల్ఫ్ పైసలు వాటికి రెండో అంతస్తు, ముందర స్తంభాలు తెచ్చాయి.

దీంట్లో మనవాళ్ళ చేతి పని కూడా ఉంది, అది ఎవరూ రాయలేదు. ఇక్కడ విల్లాల్లో జిప్సం సీలింగు పట్టిన మేస్త్రీ సెలవులో ఊరికి పోయి తన ఇంట్లో అదే పట్టాడు. టైల్సు పనివాడు తన వంటింట్లో తానే టైల్సు వేశాడు. షేకుల ఇండ్లలో చూసిన డిజైను ఆర్మూరు, జగిత్యాల గల్లీల్లోకి ఇంజినీరు గీతల్లో నుంచి రాలేదు, కూలి పనిచేసిన కండ్లలో నుంచి వచ్చింది. ఐదువందల ఏండ్ల కింద కృష్ణరాయల నగరుకు దంతపు గులాబీలు చెక్కినవాడు తన గుడిసె దూలానికి ఏం చెక్కుకున్నాడో మనకు తెలియదు. మన మేస్త్రీ సంగతి మాత్రం తెలుసు.

ఇక నా తప్పు కూడా చెప్పుకుంటాను. 2011లో ఊరికి పోవలసినవాడిని, ఇంకో రెండేండ్లు ఉండిపోయాను. ఏజెంటు అప్పు తీరింది, పిల్లల ఫీజులు కట్టాను, అయినా ఉన్నాను. దేనికంటే హాలుకు సీలింగు, మెరిసే బండలు. కాంట్రాక్టరు ఫోటోలు పంపుతుంటే ఇక్కడ బంకు మీద పడుకుని లైట్లు లెక్కపెట్టుకునేవాణ్ణి. తీరా పోయి చూస్తే మొదటి వానకే సీలింగు ఒక మూల ఉబ్బింది. మా అవ్వ ఆ హాల్లోకి రాదు. "బండల మీద కాలు జారుతది బిడ్డా" అని అరుగు మీదనే మంచం వేయించుకుంది. ఆ రెండేండ్లు నేను ఆమె దగ్గర ఉండి ఉంటే ఏ బండ అడుగు పడుతుందో, ఏది జారుతుందో నాకు తెలిసేది. ఇల్లు కట్టి చూడు అని పెద్దలు ఊరికే అనలేదు. దూరం నుంచి కట్టి చూడు అని వాళ్ళకు తెలియదు పాపం. హాలు రంగు గురించి అడిగిన ఆర్మూరు అన్నకు నేను చెప్పింది ఇదే: రంగు ఏదైనా వేయించు, ఆ గోడ ముందు నిలబడి చూడడానికి నీ సెలవు ఎప్పుడో ముందు అది అడుగు. ఆయనకు నచ్చినట్టు లేదు.

సాలార్‌జంగు మ్యూజియం మనలో చాలా మంది చూసి ఉంటారు. గంట కొట్టే గడియారం ముందు నిలబడి ఉంటారు. అది చాలావరకు ఒక్క మనిషి, మూడవ సాలార్‌జంగు యూసుఫ్ అలీ ఖాన్, తన ఇంటి కోసం జీవితమంతా పోగు చేసిన సామాను. ఆయన పెండ్లి చేసుకోలేదు, 1949లో చనిపోయాడు. ఆయన ఉన్న దివాన్ దేవిడీనే 1951 డిసెంబరు 16న నెహ్రూ మ్యూజియంగా తెరిచాడు. ఇప్పుడున్న భవనానికి 1968లో మారింది. అంత పెద్ద ఇంటి సామాను, కూర్చోవడానికి ఇంటి మనిషి ఒక్కడూ లేడు.

మూడు చదరపు మీటర్లు

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1961లో పనివాళ్ళ వసతి గురించి ఒక సిఫారసు చేసింది. గుంపుగా ఉండే చోట ఒక్కొక్కరికి విడి మంచం ఉండాలి, బట్టలకు తాళం వేసుకునే అలమారా ఉండాలి అని అందులో ఉంది. యుఏఈ మంత్రివర్గం 2009లో పెట్టిన కొలతల ప్రకారం క్యాంపు గదిలో ఒక్కొక్కరికి కనీసం 3 చదరపు మీటర్ల చోటు ఉండాలి. అంటే ఒక మంచం, దాని పక్కన చెప్పులు, లెక్క అయిపోయింది. గోడ సంగతి వాటిలో నాకు కనబడలేదు. కొన్ని క్యాంపుల్లో మేకు కొట్టవద్దు, కాగితం అంటించవద్దు అని బోర్డే ఉంటుంది.

అయినా మన గదుల్లో చూడండి. కింది బంకుకు చుట్టూ దుప్పటి కట్టి తెర చేసుకుంటారు, అది తలుపు. పై బంకు పలకకు టేపుతో పిల్లల ఫోటో, పడుకుంటే నేరుగా కంటికి ఆనుతుంది. ఎక్స్ఛేంజి వాళ్ళిచ్చిన క్యాలెండరు మీద సెలవు తేదీ చుట్టూ గీసిన సున్నా. చిన్న వెంకటేశ్వరుడు, పక్క బంకు మీద మక్కా, ఆ పైన మేరీ మాత. ఖాళీ జ్యూసు సీసాలో అగరుబత్తి. మంచం ఇనుప కమ్మీకి కొట్టిన కొక్కెం మీద ప్యాంటు, అదే మన చిలుకకొయ్య. కొక్కేనికి చిలుక ముక్కు లేదు, అంతే తేడా.

మొన్న ఆ గదిలో మూల బంకు ఖాళీ అయింది. పన్నెండేండ్లు ఉన్న కోరుట్ల పెద్దాయన ఫైనల్ ఎగ్జిట్ మీద పోయాడు. పోయే ముందు ఫోటోలు మెల్లగా గోరుతో గీకి తీసుకున్నాడట. గోడ మీద టేపు ముక్కలు, వాటి నడుమ గోడ అసలు రంగు నాలుగు చదరాలుగా మిగిలాయి. నేను ఉండగానే ఆ బంకుకు కొత్త పిల్లగాడు వచ్చాడు, ఇరవై ఏండ్లు ఉంటాయేమో. సంచి కింద పెట్టాడు, జేబులో నుంచి వాళ్ళ అవ్వ ఫోటో తీశాడు, ఆ నాలుగు చదరాల్లో ఏది సరిపోతుందా అని ఒక్కొక్క దాని మీద పెట్టి చూస్తున్నాడు.